మావారి ఊపిరీ, యంత్రం లెక్కా

గురక పెట్టేవారికి తాము గురక పెడతామని తెలియదు. తెలిసినా ఒప్పుకోరు. తన గురక తాను విన్న మగవాడు ఇంతవరకు పుట్టలేదు. పక్క మంచం మీది ఇల్లాలికి మాత్రం అది వినకుండా తెల్లవారిన రాత్రి వుండదు. మన ఇళ్ళలో గురక ఒక వినోదం కూడాను. "కుంభకర్ణుడు లేచాడా?" అని అత్తగారు అడగటం, పిల్లలు మూతి బిగబట్టి నవ్వటం, పెళ్ళివారి విడిదింట్లో ఫలానా మామయ్య పక్కన ఎవరు పడుకోవాలా అని తగవు పడటం మనందరికీ అలవాటే.

నవ్వు ఆగిపోయేది గురక ఆగిపోయినప్పుడు.

రంపం కోతలా సాగుతున్న గురక ఉన్నట్టుండి తెగిపోతుంది. గదిలో గోడగడియారం చప్పుడు తప్ప మరేమీ వినబడదు. పది సెకండ్లు. ఇరవై. ముప్ఫై. రొమ్ము పైకి లేస్తూనే వుంటుంది, పొట్ట కదులుతూనే వుంటుంది, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తే గాలి మాత్రం లేదు. ఇంక లేపుదామని చెయ్యి చాచేసరికి, మునిగినవాడు నీళ్ళమీదికి తేలినట్టు ఒక్క పెద్ద గుటకతో ఊపిరి తిరిగి వస్తుంది. ఆయన ఇటునుంచి అటు ఒత్తిగిలి మళ్ళీ మొదలుపెడతారు. పొద్దున్నే అడిగితే, "హాయిగా నిద్రపోయానే!" అంటారు.

మావారికి ఇది వుందని డాక్టర్లు తేల్చింది మూడేళ్ళ క్రితం. నిద్రలో గొంతు కండరాలు వదులై, నాలుక వెనక్కి జారి, గాలిదారి మూసుకుపోతుందట. లోపల ఊపిరితిత్తులు ఎంత లాగినా గాలి రాదు. నెత్తుట్లో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు కంగారుపడి మనిషిని సగం మేల్కొలుపుతుంది, దారి తెరుచుకుంటుంది. రాత్రంతా ఇదే తంతు. పది సెకండ్లు, అంతకుమించి, గాలి దాదాపు పూర్తిగా ఆగిపోతే దాన్ని ఆప్నియా అంటారు. పూర్తిగా ఆగక సన్నగిల్లితే అది హైపాప్నియా. రెండూ కలిపి, నిద్రపోయిన గంటకు ఎన్ని వచ్చాయో లెక్క కడతారు. ఆ లెక్క పేరు ఏ.హెచ్.ఐ. 5 కంటే తక్కువైతే ఫరవాలేదు. 5 నుంచి 15 వరకు స్వల్పం. 15 నుంచి 30 వరకు మధ్యస్థం. 30 దాటితే తీవ్రం. మావారికి 41 వచ్చింది.

ఆ అంకె విన్న రోజున మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. ఈ జబ్బు ముదిరితే రక్తపుపోటు పెరుగుతుంది, గుండె అలిసిపోతుంది. అన్నిటికన్నా దగ్గరి ప్రమాదం మరొకటి వుంది. రాత్రి నిద్ర ముక్కలైన మనిషికి పగలు తూగు వస్తుంది. ఆ తూగు పడకకుర్చీలో వస్తే మంచిదే. కారు నడుపుతుండగా వస్తే?

వైద్యం మాత్రం చూడటానికి చిత్రంగా వుంటుంది. మందు లేదు, మాత్ర లేదు. మంచం పక్కన టిఫిను డబ్బా అంత యంత్రం, దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకు తగిలించుకునే మాస్కు. అది రాత్రంతా గాలిని కాస్త ఒత్తిడితో లోపలికి తోస్తుంది. ఆ గాలే గొంతుకు ఊతకర్రలా నిలబడి, దారి మూసుకుపోకుండా చూస్తుంది. ఆస్ట్రేలియాలో, సిడ్నీలో, కాలిన్ సల్లివన్ అనే వైద్యుడు ఈ ఉపాయం కనిపెట్టి, 1981లో అయిదుగురు రోగుల సంగతి లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. దీన్నే సీప్యాప్ అంటున్నారు. అది పెట్టుకున్న మొదటి రాత్రి మా మనవడు గుమ్మంలో నుంచి తొంగిచూసి, "నాయనమ్మా, తాతయ్యకు తొండం వచ్చింది!" అని కేకేశాడు. తాతయ్యకు కోపం వచ్చిందిగాని, వారం తిరిగేసరికి ఆ తొండం లేనిదే మంచం ఎక్కనన్నారు. పొద్దున తలనొప్పి పోయింది. మాటిమాటికీ రాత్రిళ్ళు లేవటం పోయింది. పేపరు చదువుతూ చదువుతూ దానిమీదికే ఒరగటం పోయింది. మా గదిలో నిశ్శబ్దం వచ్చింది. నిశ్శబ్దం అలవాటుకావటానికి నాకే నెల పట్టింది.

ఇక్కడ ఆయన స్వభావం గురించి ఒక మాట చెప్పాలి. మావారు ముప్ఫై నాలుగేళ్ళు ట్రెజరీలో చేసి రిటైరయ్యారు. అంకె సరిపోయిందంటే ఆయనకు లోకం సరిపోయినట్టే. ఈ యంత్రం ఆయన మనసెరిగి చేసినట్టు, పొద్దున్నే తన అద్దంలో ఆ రాత్రి లెక్క చూపిస్తుంది. ఎన్ని గంటలు వాడారు, గాలి ఎంత కారిపోయింది, గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది - అన్నీ. ఆయన పళ్ళు తోముకోవటానికి ముందే అది చూసి, వంటింట్లోని క్యాలెండరులో పాల లెక్క పక్కన వేసుకుంటారు. "ఇవాళ 1.8" అంటారు, పిల్లవాడు ప్రోగ్రెస్ కార్డు చూపించినట్టు. 1.8, 2.2, 1.6, 2.0. రెండేళ్ళపాటు మా క్యాలెండర్ల నిండా ఫస్టుక్లాసు మార్కులే.

పోయిన వానాకాలంలో నాకు మళ్ళీ మెలకువ రావటం మొదలైంది.

తెల్లవారుజామున నాలుగున్నర వేళ. మాస్కు పక్కనుంచి సన్నగా బుస్సుమంటున్నది. ఆయన వెల్లకిలా తిరిగి వున్నారు, నోరు తెరుచుకుంది, పెదవులు గాలికి టపటపలాడుతున్నాయి. ఊపిరి సన్నబడి, ఇంకా సన్నబడి, ఒక గురకతో ఉలిక్కిపడి తిరిగి వచ్చింది. కాసేపటికి మళ్ళీ అదే. పగలు పది కాకుండానే పేపరు మళ్ళీ ఒళ్ళోకి జారుతున్నది.

"మీకు మళ్ళీ వస్తున్నది" అన్నాను.

"చూడు, 2.1" అన్నారాయన, క్యాలెండరు చూపించి.

హైదరాబాదులో వున్న మా అబ్బాయి ఫోనులో, "అమ్మా, నాన్న రిపోర్టు నాకూ కనబడుతుంది. అంతా పచ్చగా, బాగానే చూపిస్తున్నది. నువ్వు లేనిపోని దిగులు పెట్టుకుని నిద్ర చెడగొట్టుకోకు" అన్నాడు. కోడలు మాత్రం ఆలోచించి, "అత్తయ్యగారూ, మీరు చూసింది ఒక పుస్తకంలో రాసిపెట్టండి. డాక్టరుగారికి చూపిద్దాం" అంది. సంక్రాంతికి పిల్లలంతా వస్తున్నారు. ఆయన స్వయంగా కారు నడిపి అందరినీ అరకు తీసుకుపోతానని మనవలకు అప్పటికే మాట ఇచ్చేశారు. అరకు ఘాటు రోడ్డు ఎలా వుంటుందో వెళ్ళినవారికి నేను చెప్పనక్కర్లేదు. ఆ మలుపులన్నీ నాకు రోజూ నాలుగున్నరకు కళ్ళకు కట్టేవి.

మూడు రాత్రులు నాలుగు నుంచి అయిదు దాకా గడియారం చూస్తూ కూర్చున్నాను. పది సెకండ్లకు మించి ఊపిరి ఆగినా, బొత్తిగా సన్నబడి ఉలిక్కిపడినా, ఒక గీత గీశాను. ఒకరోజు 14, ఒకరోజు 17, ఒకరోజు 12. ఆ మూడు రోజులూ యంత్రం చెప్పింది రెండుకు కాస్త అటూ ఇటూ.

మా ఊళ్ళో ఊపిరితిత్తుల డాక్టరుగారు ఒకామె వున్నారు. నా పుస్తకం చూసి ఆమె నవ్వుతారేమో అని మావారు ఎదురుచూశారు. ఆమె నవ్వలేదు. కుర్చీ దగ్గరకు లాక్కుని మొట్టమొదట ఆయన్నే అడిగారు: "మీరు ట్రెజరీలో పనిచేశారు గదా. రోజూ ఎనిమిది గంటలు యంత్రం ఆడితే, గంటకు 2 చొప్పున రాత్రికి మొత్తం ఎన్ని?"

"పదహారు" అన్నారాయన.

"ఆ పదహారులో పద్నాలుగు, నాలుగింటికీ అయిదింటికీ మధ్యనే వచ్చి వుంటే?"

మావారు మాట్లాడలేదు. సగటు అనేది ఇలాంటిది. గోదావరి సగటు లోతు చూసి ఎవరూ నదిలోకి దిగరు. నా లెక్కా, యంత్రం లెక్కా రెండూ నిజమే కావచ్చునన్నమాట. యంత్రం రాత్రి మొత్తాన్ని చదును చేసి చూపిస్తున్నది. నేను చూస్తున్నది గుండం వున్న చోటు.

తరువాత ఆమె విడమరిచి చెప్పిన సంగతులు, అటుపైన నేను అడిగి తెలుసుకున్నవి, మీకు చెబుతాను. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఈ యంత్రాలు వుంటున్నాయి. అంచేత పనికివస్తాయి.

ఆసుపత్రిలో రాత్రి పరీక్ష చేసినప్పుడు తలకు తీగలు అంటించి మెదడు తరంగాలు చూస్తారు. ఛాతీకి, పొట్టకు పట్టీలు కడతారు. వేలికి ప్రాణవాయువు కొలిచే క్లిప్పు పెడతారు. ఇంట్లో యంత్రానికి ఇవేవీ లేవు. దానికి తెలిసిందల్లా తన గొట్టంలో గాలి ఎంత వేగంగా పోతున్నదీ, ఎంత ఒత్తిడిలో వున్నదీ. గుమ్మం దగ్గర కూర్చున్న కాపలావాడు వచ్చేపోయేవారి లెక్క చెప్పగలడుగాని, ఇంట్లో ఎవరు ఏడుస్తున్నారో చెప్పలేడు గదా.

మొదటి సంగతి. మనిషి నిద్రపోతున్నాడో మేలుకుని వున్నాడో ఆ యంత్రానికి రూఢిగా తెలియదు. మావారు తొమ్మిదిన్నరకే మాస్కు తగిలించుకుని గంటసేపు ఫోనులో పాతపాటలు వింటారు. పొద్దున లేచాక కూడా కాసేపు అలాగే పడుకుంటారు. యంత్రం ఎనిమిది గంటలు అంటుంది, నిద్ర ఆరు గంటలే. పదహారును ఎనిమిదితో భాగిస్తే 2. ఆరుతో భాగిస్తే దాదాపు 2.7. నిద్ర ఎంత తక్కువైతే తేడా అంత పెద్దది.

రెండవది నియమాల సంగతి. ఊపిరి పూర్తిగా ఆగిపోవటాన్ని ఈ యంత్రాలు బాగానే పట్టుకుంటాయి. సన్నగిల్లటం దగ్గరే తడబాటు. పరీక్షశాలలో నియమం ఏమిటంటే, గాలి కనీసం 30 శాతం తగ్గి పది సెకండ్లు సాగాలి, దానితోపాటు ప్రాణవాయువు 3 శాతమైనా పడాలి, లేదా మెదడు ఉలిక్కిపడాలి. కొన్నిచోట్ల 4 శాతం పడితేనే లెక్కకు తీసుకుంటారు. ఇంటి యంత్రం నెత్తుటినీ చూడదు, మెదడునూ చూడదు. అందుకని తయారుచేసినవారు తమ సొంత నియమం పెట్టుకున్నారు. ఒకరు గాలి సగానికి పడితే లెక్కిస్తారు, మరొకరు 40 శాతం తగ్గితే లెక్కిస్తారు. ఒకే మనిషికి రెండు యంత్రాలు రెండు అంకెలు చెప్పవచ్చునన్నమాట. ఈ లెక్కలు కంపెనీకి ఒక రకంగా వున్నాయని, వాడకం గంటలను నమ్మినంత సులువుగా వీటిని నమ్మరాదని అమెరికాలోని థొరాసిక్ సొసైటీవారు 2013లోనే ఒక ప్రకటనలో హెచ్చరించారు.

మూడవది, కారిపోయే గాలి. నోరు తెరుచుకున్నా, మాస్కు జారినా, గాలి పక్కనుంచి పోతుంది. అప్పుడు యంత్రం చేసే లెక్క చిల్లుకుండతో నీళ్ళు కొలిచినట్టే. ఏది ఊపిరో, ఏది కారటమో దానికి సరిగా అందదు. రిపోర్టులో గాలి కారిన గంటల అంకెలను అంతగా నమ్మకూడదు. మావారి పుస్తకం తిరగేసి డాక్టరుగారు వేలుపెట్టి చూపించింది అదే. నాలుగు నుంచి అయిదున్నర దాకా రోజూ గాలి కారుతున్నది. ఆ కాగితం అన్నాళ్ళూ మా అబ్బాయి ఫోనులోనే వుంది. దాన్ని చూడటం ఎవరికీ తట్టలేదు. అంకె బాగుంటే కాగితం కిందిభాగం ఎవరు చదువుతారు?

నాలుగవది విన్నప్పుడు మాత్రం ఆ యంత్రం చేసినవారి తెలివికి ముచ్చటేసింది. ఊపిరి ఆగటం రెండు రకాలు. గొంతు మూసుకుని ఆగటం ఒకటి. గొంతు తెరిచే వుండి, మెదడు ఊపిరి పీల్చమని చెప్పటం మరిచిపోవటం రెండోది. రెండింటికీ వైద్యం వేరు. అది తెలుసుకోవటానికి కొన్ని యంత్రాలు ఊపిరి ఆగిన సమయంలో గాలిని సెకండుకు నాలుగుసార్లు చిన్నగా అలలు కొట్టిస్తాయి. మూసిన తలుపు తట్టినప్పుడూ, తెరిచిన తలుపులోకి పిలిచినప్పుడూ చప్పుడు వేరుగా వస్తుంది గదా. ఆ తేడా పట్టి ఇది ఫలానా అని చెబుతాయి. గొప్ప ఉపాయమే. అయినా అది ఊహే, చూసి చెప్పింది కాదు.

లెక్క ఎప్పుడూ తక్కువ వైపే తప్పుతుందని కూడా అనుకోకండి. మా ఎదురింటి మాష్టారుగారికీ ఇదే యంత్రం వుంది. ఆయనకు రోజూ 8, 9 వచ్చేవి. ఆ అంకెకు భయపడి రాత్రిళ్ళు ఆయనకు నిద్రే పట్టేది కాదు. నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లుతూ వుంటే అంకె ఇంకా పెరిగేది. మేలుకున్న మనిషి ప్రక్కకు తిరిగేటప్పుడు క్షణం ఊపిరి బిగబడతాడు, గుటక వేస్తాడు, నిట్టూర్చి కాసేపు ఆగుతాడు. యంత్రం వాటినీ జబ్బు ఖాతాలోనే జమకడుతుంది. ఆసుపత్రిలో పడుకోబెట్టి చూస్తే, నిజంగా నిద్రపోయిన గంటలకు ఆయనకు 3 కూడా రాలేదు. "మీకు జబ్బు అదుపులోనే వుంది, అంకె చూడటం మానండి" అని చెప్పి పంపించారు. ఆయన యంత్రం అద్దంమీద ఒక రుమాలు కప్పారు. ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నారు.

మావారిని హైదరాబాదు తీసుకువెళ్ళి, యంత్రంతో సహా ఒక రాత్రి పరీక్ష చేయించాం. తీగలు, పట్టీలు, అన్నీ అయ్యాయి. ఆ రాత్రికి యంత్రం చెప్పింది 2.4. పరీక్షశాలవారు లెక్కకట్టింది 9.6. అందులో చాలాభాగం తెల్లవారుజామువే. కలలు వచ్చే నిద్ర రాత్రి చివరిభాగంలోనే ఎక్కువట. ఆ నిద్రలో ఒంటి కండరాలన్నీ బాగా వదులైపోతాయి. దానికితోడు ఆయన వెల్లకిలా తిరగటం, వానాకాలపు జలుబుకు ముక్కు బిగిసి నోరు తెరవటం కలిసివచ్చాయి. ప్రాణవాయువు ఒకసారి 84కు దిగింది. కరోనా రోజుల్లో 94 కంటే తగ్గితే మనం ఎంత వణికిపోయేవాళ్ళమో గుర్తుందా? ఆ అంకె విని ఆయన నా వైపు చూశారు. ఏమీ అనలేదు. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఆ చూపుకు నాకు అర్థం తెలుసు.

వైద్యం పెద్దదేమీ కాలేదు. నోరూ ముక్కూ రెండూ కప్పే మాస్కు ఇచ్చారు. ఒత్తిడి రెండు సెంటీమీటర్లు పెంచారు. వెల్లకిలా తిరగకుండా వీపు వెనక ఒక దిండు పెట్టమన్నారు. పగటి తూగు పూర్తిగా పోయేదాకా దూరాలు కారు నడపవద్దన్నారు. సంక్రాంతికి డ్రైవరును పెట్టుకుని అరకు వెళ్ళాం. తాతయ్య ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా డ్రైవరుకు మలుపులు చెబుతూ వచ్చారు. పాపం, ఆ అబ్బాయి ఓర్పు గలవాడు.

ఇదంతా చదివి, యంత్రం దండగని ఎవరైనా అటకెక్కిస్తే మాత్రం నేను చెప్పదలుచుకున్నది తలకిందులైనట్టే. వైద్యం చెయ్యటం వేరు, లెక్క చెప్పటం వేరు. ఆ యంత్రం మావారికి ప్రాణం పోసిన యంత్రం. గాలి తోసే పనిలో దానికి పేరు పెట్టటానికి లేదు. లెక్కలో కూడా కొన్ని నమ్మదగినవే. ఎన్ని గంటలు వాడారో చెబితే నిజమే. గాలి కారిందంటే నిజమే. రెండు మూడు వారాలు వరసగా అంకె పెరుగుతూ పోతే, ఏదో మారిందన్న మాటా నిజమే. ఒక్క రాత్రి అంకెను పట్టుకుని సంతోషించటం, దిగులుపడటం, రెండూ అనవసరం. అంకె చూసి ఒత్తిడి మీటను సొంతంగా తిప్పటం మరీ ప్రమాదం.

సొరుగులో పడివున్న కరోనానాటి ఆక్సీమీటరును పొద్దున్నే వేలికి పెట్టుకుని, 97 వుంది కాబట్టి రాత్రీ బాగానే వుందనుకునేవారున్నారు. మేలుకున్న వేలు నిద్రలో జరిగింది చెప్పదు. రాత్రంతా రాసిపెట్టే రకం వేరే వుంది. డాక్టరును అడిగితే దానితో ఒకటి రెండు రాత్రులు చూస్తారు.

ఒంటరిగా వుండేవారికి పక్కమంచం సాక్ష్యం వుండదు. వారికి ఒళ్ళే సాక్ష్యం చెబుతుంది. పొద్దున లేవగానే తలనొప్పి, ఎండిపోయిన నోరు, రాత్రి మాటిమాటికీ లేవటం, పగలు కూర్చున్నచోటే కునుకు - ఇవి వుండి కూడా యంత్రం 2 అంటుంటే, డాక్టరు దగ్గరకు ఆ రెండునూ తీసుకువెళ్ళండి, ఈ నాలుగింటినీ తీసుకువెళ్ళండి. పక్కన మనిషి వున్నవారైతే ఆ మనిషినీ వెంట తీసుకువెళ్ళండి. ఆమెకు చదువు రాకపోవచ్చు, ఏ.హెచ్.ఐ. అంటే ఏమిటో తెలియకపోవచ్చు. ఎన్నో ఏళ్ళుగా ఆ ఊపిరి వింటూ పడుకున్న మనిషి ఆమె.

ట్రెజరీలో ఒక్క సంతకంతో ఏ బిల్లూ పాసయ్యేది కాదని మావారు ఎప్పుడూ గర్వంగా చెబుతుంటారు. ఇప్పుడు మా క్యాలెండరులో యంత్రం అంకె పక్కన ఇంకో చిన్న గడి గీశారు. పొద్దున కాఫీ తాగుతూ నన్ను అడిగి అందులో "సరి" అనో, "నాలుగింటికి రెండుసార్లు" అనో వేసుకుంటారు. రెండూ కలిసినరోజు ఆ లెక్క పాసయినట్టు. కలవనిరోజు, ఆడిటు అభ్యంతరం కింద, అది డాక్టరుగారి దగ్గరకు వెళుతుంది.